పొట్టు గదికి గాలి

రత్నాలమ్మ దగ్గుతూ దగ్గుతూ ముందుకి వాలిపోయింది. ఒళ్ళో ఉన్న ట్రే ఒరిగి, పొట్టు తీసిన జీడిపప్పు నేలమీదికి జారబోయింది. మేస్త్రీ ధనుంజయ్ రెండంగల్లో వచ్చాడు. వచ్చి ముందు పట్టుకున్నది ట్రేని.

పక్క పీటమీద కూచున్న కెజియా అది చూసింది. రత్నాలమ్మ తలని తన ఒళ్ళోకి తీసుకుంది. అటుపక్క పీటమీది దేవి నీళ్ళసీసా అందించింది. ధనుంజయ్ ట్రేని బల్లమీద పెట్టి, పక్కకి జరిగిన గుండ్లు, విరగని పప్పులు, రెండు సర్ది, అప్పుడు వంగి "ఏటైంది?" అని అడిగాడు.

"నీకు కావాల్సింది పట్టుకున్నావు కదా. ఇంకేటి కావాల?" అంది కెజియా.

పలాసలో అలాంటి జీడి ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. ఇది వాటిలో చిన్నది. గింజలు ఉడికించి, కోసి, లోపలి పప్పుని డ్రయ్యరులో ఎండబెడితే పై పొట్టు పెళుసెక్కుతుంది. ఆ వేడి పోకముందే చిన్న చాకుతో గీకి పొట్టు తీసెయ్యాలి. ముప్ఫై రెండు మంది ఆడవాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా చేసే పని అదే. గదికి నాలుగు కిటికీలున్నాయి. జూన్లో వానలు పట్టగానే నాలుగింటికీ ప్లైవుడ్ ముక్కలు కొట్టేస్తారు. మళ్ళీ డిసెంబరుకి గానీ తియ్యరు. పొట్టు ఎగురుతుందని ఫ్యాను కూడా వెయ్యరు. ఎర్రటి సన్నటి దుమ్ము జుట్టులోనూ, కనురెప్పల మీదా, గొంతులోనూ పేరుకుంటుంది. రత్నాలమ్మ ఆ గదిలో పద్దెనిమిదేళ్ళు కూచుంది.

టెక్కలి ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆ దుమ్ములో ఇంక కూచోవద్దన్నాడు. "కూచోకపోతే నానేటి సేత్తాను బాబూ?" అని అడిగింది రత్నాలమ్మ. డాక్టరు మందులు రాసిచ్చాడు.

మర్నాడు కెజియా పనిలో కూచోకుండా నేరుగా ఓనరు గదికి వెళ్ళింది. ఫణిశంకర్ చెడ్డవాడని ఎవరూ అనరు. నలభై ఏళ్ళుంటాయి, బీకాం చదివాడు, గట్టిగా అరవడు. రత్నాలమ్మ ఎలా ఉందని ముందు తనే అడిగాడు. మందులకి మనిషిని పంపిస్తానన్నాడు కూడా.

"మందులు సరే బాబూ. ఆ కిటికీలు తీయించండి."

ఆయన బల్ల సొరుగులోంచి తేమ కొలిచే చిన్న మీటరు తీసి ఆమె ముందు పెట్టాడు. "చూడు. బయట తేమ తొంభై దాటింది. కిటికీ తీస్తే ఆ గాలి వస్తుంది. పావుగంటలో పొట్టు మెత్తబడి పప్పుకి అతుక్కుంటుంది. గీకితే గుండు బద్దలవుతుంది. బద్దలైతే నాకూ నష్టం, మీకూ నష్టమే. గదిలో తేమ అరవై లోపుండాలి. ఇది నేను పెట్టుకున్న రూలు కాదు కెజియా, పప్పు పెట్టిన రూలు."

పొట్టు మెత్తబడటం అంటే ఏమిటో ఆయనకన్నా కెజియా వేళ్ళకే ఎక్కువ తెలుసు. అబద్ధం చెప్పేవాణ్ణి నిలదీయొచ్చు. నిజం చెప్పి, ఆ నిజాన్నే తలుపులా మొహాన వేసేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఆమె లేస్తుంటే ఆయన నవ్వాడు. "తడి లేని గాలి ఎక్కడైనా దొరికితే తెచ్చుకోండి. నేనొద్దన్నానా?"

ఆ నవ్వు ఆమెతోపాటు ఇంటికొచ్చింది. అన్నం కంచంలో కూడా అదే కనిపించింది. ఆమె భర్త ప్రదీప్ కుమార్ కాశీబుగ్గలో ఏసీలు బాగుచేస్తాడు. నెమ్మదైన మనిషి. ఆమె రెండుసార్లు గిన్నె విసురుగా పెట్టిన తరవాత ఏమైందని అడిగాడు.

"తడి లేని గాలి ఎక్కడ దొరుకుద్ది మావా?"

అతను ఆమె చెప్పిందంతా విన్నాడు. "తడి తియ్యక్కర్నేదు. గాలిని కొంచెం వేడి సేత్తే సాలు. అదే తడి, కానీ వేడిగాలికి అది ఓ లెక్కలోకి రాదు. వానాకాలం బట్టలు పొయ్యి దగ్గర ఆరవా, అలగే. ఇరవై ఏడు డిగ్రీల గాలిని ముప్ఫై ఆరుకి తెత్తే తొంభై తేమ యాభై అయిదుకి దిగుద్ది."

"ఇరవై ఏడూ, ముప్ఫై ఆరూ అని నీకెలా తెలుసు?"

"మా పనే అది కదేటే."

"అయితే హీటరు పెట్టాలంటావు. ఆయన కరెంటు కాలుత్తాడేటి?"

"సచ్చినా కాల్చడు," ఒప్పుకున్నాడు ప్రదీప్.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరూ పాత క్యాలెండరు వెనకవైపు తిప్పి కూచున్నారు. చలిదేశాల్లో ఇళ్ళకి ఓ పెట్టె పెడతారని ప్రదీప్ ఫోన్లో చూపించాడు. లోపలి మురికిగాలి బయటికి పోతూ, తన వేడిని బయటినుంచి వచ్చే మంచిగాలికి ఇచ్చిపోతుంది. మధ్యలో పల్చటి రేకులుంటాయి. రేకుకి ఇటు మురికిగాలి, అటు మంచిగాలి. వేడి రేకుని దాటుతుంది, గాలి దాటదు. ఇరవై రేకులు వరసగా, మధ్య సన్నటి చెక్కపట్టీలు పెట్టి బిగిస్తే అలాంటి పెట్టె తనూ చెయ్యగలనన్నాడు. ఓ కల్యాణ మండపంలో విప్పేసిన ఏసీ గాలిగొట్టం రేకు షాపు వెనక పడి ఉంది.

కెజియా ఇంటర్లో ఎంపీసీ చదివింది. ఆమె లెక్క వేసింది. అది తేలేసరికి కోపం ఇంకా పెరిగింది. "గదిలో మా ఒంటి వేడీ, పప్పు వేడీ కలిసి ముప్ఫై మూడు దాటదు. అందులోంచి ఎంత పిండుకున్నా బయటి గాలి ముప్ఫై ఒకటికి వత్తాది. తేమ డెబ్బై పైనే. ఆయన మళ్ళీ మీటరు తీసి నా ముందెడతాడు."

ప్రదీప్ పెన్సిలు కింద పెట్టేశాడు. ఆమె పెట్టలేదు. క్యాలెండరు మీద పొట్టు గది గీసింది, తలుపు గీసింది, గోడకి అవతల డ్రయ్యరు గీసింది. డ్రయ్యరు మీద పొగగొట్టం గీస్తుంటే చెయ్యి ఆగింది.

"మావా, డ్రయ్యరు గొట్టంలోంచి పోయే గాలి ఎంత వేడుంటాది?"

"అరవై, డెబ్బై."

"రోజంతా అది ఊరికే వానలోకి పోతంది."

ప్రదీప్ ఆమెని చూశాడు, కాగితాన్ని చూశాడు. "అది పప్పులోంచి వచ్చిన తడిగాలే. కానీ రేకు దాటదు కదా," అన్నాడు మెల్లిగా. "వేడి ఒక్కటే దాటుద్ది."

సాయంత్రానికి ఒక రూపం వచ్చింది. డ్రయ్యరు గొట్టాన్ని పక్కకి వంచి పెట్టెలోంచి పోనివ్వాలి. ఇంకో దారిన బయటి గాలి, దోమతెర బట్టలో వడకట్టుకుని, రేకుల మధ్య వేడెక్కి, ఓ ఫ్యానుతో గదిలోకి రావాలి. ఎదురుగోడ కింద దుమ్ముని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను. మనిషికి ఎంత గాలి కావాలో ప్రదీప్ చెప్పాడు, దాన్ని ముప్ఫై రెండుతో హెచ్చవేసి పెట్టె కొలత రాసింది కెజియా.

మర్నాడు ఫణిశంకర్ కాగితం తిరగేసి చూశాడు. "బాగానే ఉంది. కానీ నేను ఖర్చు పెట్టను."

"మిమ్మల్ని అడగలేదు. గోడకి రెండు కన్నాలు కావాల."

"విరిగిన ముక్కలు పెరిగితే అదేరోజు తీయించేస్తాను."

"తీయించండి," అంది. కాగితం మడిచి కొంగులో దోపుకుంది.

పెట్టె కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. పనయ్యాక సాయంత్రాలు ఇద్దరూ షాపు ముందు కూచుని రేకులు కోశారు, వంచారు, అంచులకి సిలికాన్ పూశారు. కెజియా వేళ్ళు రెండుచోట్ల తెగాయి. గోడకి ఎక్కించిన రోజు పొట్టు గదిలో అందరూ పనాపి చూశారు. ఫ్యాను వెయ్యగానే గాలి వచ్చింది. వెచ్చగా, దుమ్ము లేకుండా. దేవి కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది.

రెండు గంటలు గడిచాయో లేదో పొట్టు అతుక్కోవడం మొదలైంది. చాకు గీకితే గుండు రెండు బద్దలవుతోంది. ఒకరి ట్రేలో, ఆ వెనక ఇంకొకరి ట్రేలో, మధ్యాహ్నానికి అందరి ట్రేల్లోనూ. గుండ్లకే కూలి ఎక్కువ, ముక్కలకి తక్కువ. గదిలో గొణుగుడు మొదలైంది.

"గాలి తింటామేటి?" అంది ఓ మూలనించి ఒకామె.

ధనుంజయ్ గుమ్మంలో నించుని "ఇంజనీరమ్మగారూ, ఏటి సేద్దాం?" అన్నాడు.

కెజియా గదిలో తగిలించిన తేమ మీటరు చూసింది. డెబ్బై ఎనిమిది. లెక్కప్రకారం యాభై అయిదు ఉండాలి. వేడి సరిగ్గానే ఉంది, తడి ఎక్కడినించి వచ్చిందో తెలియలేదు. ఫ్యాను ఆపించి, కన్నాలకి గోనెలు కుక్కించారు. ఆ సాయంత్రం దారంతా ఆమె ప్రదీప్‌ని తిట్టింది. రేకు సరిగ్గా వంచలేదనీ, సిలికాన్ పొదుపు చేశాడనీ, అసలు అతని మాట నమ్మడమే తన తప్పనీ అంది. ప్రదీప్ గుంటలు తప్పిస్తూ బండి నడిపాడు. ఇంటి ముందు దిగాక, "తిట్టడం అయితే, రేపు నేనూ వత్తాను. ఇద్దరం సూద్దాం" అన్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది గానీ అది కూడా కోపంగానే బయటికొచ్చింది.

మర్నాడు పని మొదలవకముందే ఫ్యాను వేసి పెట్టె చుట్టూ తిరిగారు. ప్రదీప్ చెయ్యి పెట్టి చూస్తే ఏమీ తెలియలేదు. కెజియా నేలమీంచి ఎండిన పొట్టు పొర ఒకటి తీసి, పెట్టె అతుకుల దగ్గర దారంతో వేలాడదీసింది. ఒకచోట ఊగలేదు. రెండోచోట ఊగలేదు. డ్రయ్యరు గొట్టం కలిసే మూల దగ్గర అది చటుక్కున రేకుకి అంటుకుపోయింది.

"లోపలికి లాగుతంది," అంది.

అప్పుడు ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. మంచిగాలి ఫ్యానుని వాళ్ళు గదివైపు పెట్టారు. అది గాలిని పెట్టెలోంచి పీలుస్తోంది. పీల్చేటప్పుడు ఎక్కడ సందుంటే అక్కడినించి డ్రయ్యరు తడిగాలిని కూడా లాక్కుంటోంది.

"ఫ్యాను బయటవైపు పెడితే?" అంది కెజియా. "పీల్చకుండా నెట్టితే?"

"అప్పుడు సందున్నా మన గాలే అటు పోతాది. ఆ గాలి ఇటు రాదు." ప్రదీప్ తల గోక్కున్నాడు. "ఇది నాకు ముందే తట్టాల."

"ఇద్దరికీ తట్టలేదు," అంది ఆమె. నిన్నటి తిట్లకి ఆమె చెప్పిన క్షమాపణ అంతే.

ఫ్యాను తిప్పి పెట్టారు, మూలకి మళ్ళీ సిలికాన్ పూశారు. ఆ రోజు బయట వాన కుండపోతగా కురుస్తుంటే గదిలో మీటరు యాభై ఏడు చూపించింది. గుండ్లు గుండ్లుగానే వచ్చాయి. నెల తిరిగేసరికి ముక్కలు మునుపటికన్నా తగ్గాయని ధనుంజయే ఒప్పుకున్నాడు. గొణిగిన ఆమె కూడా దగ్గు తగ్గిందని చెప్పింది. రత్నాలమ్మ మాత్రం రాలేదు. వజ్రపుకొత్తూరు దగ్గర కూతురింట్లో మంచం మీద ఉంది. కెజియా వెళ్ళి పెట్టె సంగతి చెబితే, "అదేదో పదేళ్ళ ముందు కట్టలేకపోనావేటే?" అంది. ఆమె నవ్వుతూనే అంది. కెజియా బస్సులో పలాస దాకా పళ్ళు బిగించుకుని కూచుంది.

ఆ తరవాతి సోమవారం పనిలోకి వెళ్ళేసరికి పొట్టు గదిలో పీటలు మోకాలికి మోకాలు తగిలేలా జరిపి ఉన్నాయి. పన్నెండు కొత్త పీటలు. వాటిమీద పన్నెండు మంది కొత్తవాళ్ళు, ఉద్దానం పల్లెల నుంచి తెల్లారే ఆటోల్లో వచ్చినవాళ్ళు, చాకులు పట్టుకుని బెదురుగా చూస్తున్నారు.

కెజియా ఫణిశంకర్ గదికి వెళ్ళింది. ఈసారి కూచోలేదు.

"ఆ పెట్టె ముప్ఫై రెండు మందికి."

"గాలి బాగుంది కదమ్మా ఇప్పుడు. పెద్ద ఆర్డరొచ్చింది. కొంచెం సర్దుకుంటే నలభై నాలుగు మంది హాయిగా కూచోవచ్చు." ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "నీ పుణ్యమే."

ఆ మాటతో ఆమెకి కళ్ళు మసకబారాయి. తను వేళ్ళు కోసుకుని తెచ్చిన గాలిని ఆయన ఖాళీ జాగాగా లెక్కేసుకున్నాడు.

"పెట్టె నాది," అంది. "తీసుకుపోతాను."

"గోడ నాది. అయినా తీసుకుపో, నీ ఇష్టం," అన్నాడు ఆయన. ఆమె ఆ పని చెయ్యదని ఆయన నమ్మకం.

ఆమె పనిముట్ల సంచి తెచ్చి, స్పానరు తీసి, మొదటి బోల్టు విప్పింది. రెండోది సగం తిరిగింది. అప్పుడు దేవి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఇది తీసేత్తే ఆయనకేటి పోద్దే? ఆయన ఏసీ గదిలో ఉంటాడు. ఊపిరాడంది మాకు."

"మరి నన్నేటి సెయ్యమంటావు?" అంది కెజియా. "నేనేటి సేసినా అది ఆయనకే కలిసొత్తాది."

"పెట్టెని లేపడమెందుకు? మనం లెగుద్దాం. డ్రయ్యరులోంచి ఇప్పుడే దించారు. పప్పు సల్లారితే ఆగుద్దేటి?"

కెజియా ఆమెని తేరిపార చూసింది. పప్పు పెట్టిన రూలని ఆయన చెప్పింది ఇదే కదా.

కొత్తగా వచ్చినవాళ్ళలో ఉషారాణి అనే పిల్లతల్లి గుమ్మం దగ్గర నించుని అంతా వింది. "అయితే మమ్మల్ని పంపేత్తారా అక్కా? కిడ్నీ జబ్బుతో మా ఇంటాయన పన్లోకి ఎల్లట్లేదు."

కెజియా కోపానికి ఒక్క క్షణం ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఈ మనిషిని బయటికి పంపిస్తే తనకీ ధనుంజయ్‌కీ తేడా ఏముంది?

"పంపం," అంది. "మీకూ గాలుండాల. పక్కనే ప్యాకింగు గది ఖాళీగా ఉంది. దానికి ఇంకో పెట్టె కావాల. అప్పటిదాకా ఎవరం లోపల కూచోం. నువ్వు మాతో వత్తావా?"

ఉషారాణి కొంగు నడుముకి దోపుకుంది.

నలభై నాలుగు మందీ వచ్చి వరండాలో గోడవారగా కూచున్నారు. వాన జల్లు పాదాల మీద పడుతోంది. ధనుంజయ్ మొదట అరిచాడు, తరవాత బతిమాలాడు. లోపల ట్రేలు బల్లల మీద వరసగా ఉన్నాయి. గదిలోని మీటరు తెచ్చి అందరికీ కనపడేలా గుమ్మంలో పెట్టింది దేవి. ఎవరూ నినాదాలు చెయ్యలేదు. వీళ్ళలో ఒక్కరికి రేపు పని పోయినా ఆ పాపం తనదే అనుకుంది కెజియా. అలా అనుకోవాల్సి వచ్చినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఫణిశంకర్ వచ్చాడు. లోపలికెళ్ళి ఒక గుండు తీసి గోరుతో గీకాడు. పొట్టు రాలేదు.

"మెల్లిగా అడిగితే చెయ్యనా కెజియా? ఇంత రచ్చ ఎందుకు?"

"మెల్లిగా అడిగాను బాబూ. అప్పుడు మీరు నవ్వారు."

ఆయన మొహం ఎర్రబడింది. తనెప్పుడు నవ్వాడో ఆయనకి గుర్తులేదని ఆమెకి తెలిసిపోయింది. అదింకా మంటపెట్టింది గానీ ఆ మాట పట్టుకు లాగలేదు.

"ఏం కావాలి?"

"ప్యాకింగు గదికి రెండో పెట్టె. రేకూ, ఫ్యానూ మీరే తేవాల. పని మా ఆయన సేత్తాడు, ఆయన కష్టానికి కూలివ్వాల. అది ఎక్కేదాకా కొత్తవాళ్ళు పన్నెండు మందీ దుమ్ము లేని గ్రేడింగులో పప్పు ఏరుతూ కూచుంటారు. రత్నాలమ్మకి కూడా గ్రేడింగులో పీట ఉంచాల. వచ్చినా రాకపోయినా."

చివరిదానికే ఆయన ఎక్కువసేపు ఆలోచించాడు. రాని మనిషికి పీట ఎందుకని అడిగాడు. ఆమె అక్కణ్ణించి కదల్లేదు. ఆఖరికి సరేనన్నాడు. చల్లారిన పప్పుని మళ్ళీ డ్రయ్యరులోకి ఎక్కించమని ధనుంజయ్‌కి చెప్పాడు.

రెండురోజుల తరవాత కెజియా కొలతలకి ప్యాకింగు గదికి వెళ్ళింది. ప్రదీప్ షాపులో ఉన్నాడు. టేపు రెండోకొస పట్టుకోడానికి ఎవరూ లేరు. ఫణిశంకర్ తలుపు దగ్గర ఫోన్లో ఎవరితోనో, "మా ఫ్యాక్టరీలో మేమే డెవలప్ చేశామండీ, వేస్ట్ హీటుతో నడుస్తుంది" అంటున్నాడు.

ఆ మాట కెజియా వింది. ఆయన ఫోను జేబులో పెట్టుకునేదాకా ఆగి, టేపు కొస ఆయనవైపు చాపింది.

"ఆ మూల పట్టుకోండి. ఒంగోవాల, కిందకంటా."

ఆయన అటూ ఇటూ చూశాడు. తరవాత వంగి, గోడ మొదట్లో టేపు అదిమిపెట్టాడు.

"గట్టిగా పట్టండి. వదులైతే లెక్క తప్పుద్ది," అంది కెజియా, పెన్సిలు అందుకుంటూ.